పక్షి, పూదోట, వంటయిల్లు: ఆముక్తమాల్యద చూపిన గృహస్థధర్మము



మోక్షమార్గమున నడువగోరు సాధకునకు ఒక సందేహము తరచుగా కలుగుచుండును. వేకువను పెరటిచెట్టుపై కూయు పక్షిని విని సంతోషించుట, తాను పెంచిన మల్లెపందిరి క్రింద కూర్చుండి పరిమళమున మైమరచుట, ఇంటివంటను రుచి యెరిగి భుజించుట, ఇవన్నియు ఇంద్రియసుఖములే కదా, బంధహేతువులు కావా యని. సన్న్యాసికి ఈ ప్రశ్న లేదు. అతడు ఇల్లు విడిచినాడు. ఇల్లు విడువరాని గృహస్థునకు మాత్రము ఇది ప్రతిదినము ఎదురగు సమస్య. దీనికి శాస్త్రము చెప్పిన సమాధానము కలదు. ఆ శాస్త్రమును ముంగిట, పెరట, వంటయింట ఆచరించిన కాలపు చరిత్ర చెప్పు సమాధానమును కలదు. అట్టి చరిత్రకు తెలుగువారియొద్దనున్న గొప్ప సాక్ష్యము శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద.

యుద్ధయాత్రలో పుట్టిన కావ్యము

శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు విజయనగర సామ్రాజ్యమును పాలించెను. గజపతులతో జరిగిన యుద్ధములందు 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు ఆయన వశమైనవి. ఆ కళింగ దండయాత్రా సందర్భముననే రాయలు విజయవాటికలో కొన్నిదినములుండి, కృష్ణాతీరమునగల శ్రీకాకుళ క్షేత్రమున ఆంధ్రమహావిష్ణువును సేవించి, హరివాసరమున ఉపవసించెను. ఆ రాత్రి స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణకథను తెలుగున రచింపుమని ఆనతిచ్చెనని కావ్యావతారిక చెప్పుచున్నది. ఆరు ఆశ్వాసముల ఈ ప్రబంధము తిరుమల శ్రీవేంకటేశ్వరునకు అంకితము.

ఇందు విచారింపదగిన విశేషమొకటి కలదు. కవి చక్రవర్తి, సంకల్పము కలిగినది దండయాత్రలో, అదియు ఉపవాసదినమున. అట్టి కావ్యమునకు నాయకస్థానమున నిలిచిన భక్తుడు విష్ణుచిత్తుడు. ద్రావిడదేశమున పెరియాళ్వారుగా ప్రసిద్ధుడైన ఈ మహాత్ముడు శ్రీవిల్లిపుత్తూరున స్వామికి మాలలు కట్టుచు, ఇంటికి వచ్చిన భాగవతులకు అన్నము పెట్టుచు కాలము గడపిన గృహస్థుడు. ఆయన దినచర్యను చెప్పవలసివచ్చినప్పుడు రాయలు సేనలను, కోటలను ప్రక్కనుంచి, పంటకాలువను, తులసీవనమును, వంటయింటి పొయ్యిని చూచినాడు. కావ్యము శాసనము కాదు. అందలి ప్రతి వర్ణనను యథాతథముగ చరిత్రగా గైకొనరాదు. రాయలు వర్ణించినది ఆళ్వారుల కాలపు ఊరే యైనను, ఆ వర్ణనకు ఆధారములైన పొలములు, ఇండ్లు, వంటలు ఆయన తన కన్నులార చూచిన తన కాలపువి. ఆ మేరకు అవి చరిత్రయే.

కాలువగట్టున బాతులు

విల్లిపుత్తూరును వర్ణించుచు రాయలు ఒక ప్రాతఃకాల దృశ్యమును చిత్రించెను. వరిమళ్ళ నడుమ పారు కాలువల చెంత బాతులు తలలను రెక్కలలో దూర్చుకొని నిద్రించుచున్నవి. ఊరి కావలివారు వానిని చూచి, ఉషఃకాలస్నానము చేసి వెళ్ళిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన వస్త్రముల ముద్దలని భ్రమించి, వానిని ఎవరివి వారికి చేర్పవలెనని రేవులోనికి దిగిరి. అలికిడికి బాతులు లేచి పరుగెత్తినవి. పంటకు కాపున్న పడుచులు అది చూచి నవ్విరి.

ఇంతే కథ. కాని ఇందులో ఒక ఊరి జీవనమంతయు ఇమిడియున్నది. సూర్యోదయమునకు పూర్వమే స్నానముచేయు ఆచారము కలదు. పోయిన వస్తువు యజమానునకు చేరవలెనను కావలివారి ధర్మము కలదు. మనుష్యులు నిత్యము తిరుగు రేవులోనే నిర్భయముగ నిద్రించు పక్షులు కలవు. పక్షి అంత నిశ్చింతగా నిద్రించవలెనన్నచో, ఆ ఊరివారు తనను బాధింపరను విశ్వాసము దానికి బహుకాలముగ ఏర్పడియుండవలెను. కవి చెప్పకయే చెప్పిన అహింస యిది.

అట్లని ఆ కాలమున సర్వులును పక్షులను ఇట్లే చూచిరనుట సత్యము కాదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అంగడిలో కౌజులు, పూరేడుపిట్టలు, పావురములు మొదలగునవి ఆహారమునకై విక్రయింపబడుచుండెనని వ్రాసియున్నాడు. పొలమున కాపుండు పడుచుల పనియు, ధాన్యమును తినవచ్చు చిలుకలను, పిచ్చుకలను తోలుటయే. పక్షికిని రైతునకును గింజవిషయమున వైరము సహజము. మంచెపై నిలిచి వడిసెల త్రిప్పిన ఆ రైతే, పంట యింటికి వచ్చిన పిమ్మట వరికంకులను కుచ్చుగా అల్లి చూరునకు వ్రేలగట్టి పిచ్చుకలను పిలుచును. తెలుగునాట దేవాలయ మండపములందును ఈ ధాన్యపుకుచ్చులు కట్టు ఆచారము నేటికిని కలదు. పొలమున తోలుట కుటుంబపోషణకు. ముంగిట పెట్టుట ధర్మమునకు. రెండును ఎరిగినవాడే గృహస్థుడు.

మాలాకారుని వనము

విష్ణుచిత్తుని రెండవ నిష్ఠ పూదోట. తులసి, పుష్పజాతులు పెంచి, స్వహస్తములతో మాలలల్లి వటపత్రశాయికి సమర్పించుట ఆయన జీవితవ్రతము. ఆ వనముననే తులసిమొక్కల నడుమ గోదాదేవి శిశురూపమున లభించెను. ఆ శిశువును పెంచిన చేతులు మొక్కను పెంచి అలవాటుపడిన చేతులు.

విజయనగర ప్రజల జీవనమున పుష్పమునకున్న స్థానమును విదేశీయులును గుర్తించిరి. 1443లో ఆ నగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, అచట గులాబీలు సర్వత్ర అమ్మబడుచుండెననియు, ప్రజలు వానిని అన్నముతో సమానముగ అవసరమైనవానిగా భావించిరనియు వ్రాసెను. ఇంటి పరిసరములందు మామిడి, పోక, పనస, నిమ్మ, నారింజ చెట్లు దట్టమైన అడవివలె పెరిగియుండెనని పేస్ తెలిపెను. ఆ వనములకు ప్రాణము తుంగభద్ర కాలువలు. మెట్టనేలపై నగరమును నిర్మించినవారు మొదట నీటిని నడపిరి. నీరు నడచినచోట చెట్టు, చెట్టున్నచోట పక్షి వచ్చినవి.

పూదోటపని శ్రీవైష్ణవ సంప్రదాయమున కైంకర్యములలో ఉత్తమమైనదిగా పరిగణింపబడినది. భగవద్రామానుజుల ఆజ్ఞచే తిరుమలకు వెళ్ళి, అరణ్యప్రాయమైన ఆ కొండపై చెరువు త్రవ్వి, నందనవనమును పెంచిన అనంతాళ్వారు కథ తెలుగుభక్తులకు సుపరిచితము. గర్భవతియైన భార్య మట్టితట్ట మోయుచుండగా స్వామియే బాలకరూపమున సహాయమునకు వచ్చెననియు, తమ కైంకర్యమున పరుల సహాయము కూడదని అనంతాళ్వారు విసరిన గునపము స్వామి చుబుకమునకు తగిలెననియు ఐతిహ్యము. ఆ గాయమునకు గుర్తుగా నేటికిని మూలమూర్తి చుబుకమున పచ్చకర్పూరము అలంకరింపబడుచున్నది. ఆ గునపము ఆలయ మహాద్వారమున దర్శనమిచ్చుచున్నది. మట్టిపని చేయుచోటికి భగవంతుడు వచ్చి తట్టనెత్తుకొనెనను ఈ కథను నమ్మిన సంప్రదాయము, తోటపనిని సాధనకు విఘ్నమని ఎట్లు తలచును?

మూడు ఋతువుల వంట

విష్ణుచిత్తుని అతిథిసత్కారమును రాయలు ఋతువులవారీగ వర్ణించెను. ఆకాశమంతయు నీటిమయమై జడివాన పట్టిన దినములందు, పొగ పుట్టకుండుటకు ఎండిన కొబ్బరిచిప్పలతో వంట చేయించి, మేలైన వరియన్నము, పొట్టుతీసిన పప్పు, పోపుపెట్టిన నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, సమృద్ధిగ నేయి వడ్డించెడివాడు. వేసవిలో ముందుగ చందనము పూయించి, గోరువెచ్చని అన్నము, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసము, లేతకొబ్బరినీరు, పండ్లు, సుగంధపు చల్లనినీరు, వడపిందెలు, నీరుమజ్జిగ అందించెడివాడు. చలికాలమున క్రొత్తబియ్యపు సువాసనగల అన్నము, మిరియపుపొడులు, వేడివేడి కూరలు, ముక్కునకు ఘాటుగ తగులు ఆవపచ్చళ్ళు, పాయసము, ఊరగాయలు, చేయి చురుక్కుమను నేయి, పాలు పెట్టెడివాడు.

ఇది రుచులపట్టిక మాత్రమే కాదు. వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానములోని ఋతుచర్యాధ్యాయమును ఎరిగినవారికి ఇందలి క్రమము సులభముగ గోచరించును. హేమంతమున జఠరాగ్ని ప్రబలముగ నుండును గనుక స్నిగ్ధపదార్థములు, క్షీరవికారములు, నూతనధాన్యము కూడ హితములు. గ్రీష్మమున మధురము, లఘువు, శీతలము, ద్రవప్రాయమునైన ఆహారము తగును. వర్షర్తువున జఠరాగ్ని మందగించును గనుక వంట తేలికగ జీర్ణమగునట్లుండవలెను. ఆయుర్వేదము సూత్రరూపమున చెప్పినది విష్ణుచిత్తుని విస్తరిలో అన్నరూపమున దర్శనమిచ్చినది.

ఈ వర్ణనలో మరియొక సూక్ష్మము కలదు. వడియము, వరుగు వానకాలమున తయారగునవి కావు. గుమ్మడి, వంకాయ, చిక్కుడు వంటివానిని వేసవియెండలో ఎండబెట్టి, చీమ చేరకుండ, తేమ తగులకుండ భద్రపరచినప్పుడే అవి జడివానదినమున విస్తరిలోనికి వచ్చును. కొబ్బరిచిప్పలను ఎండబెట్టి దాచియుంచినప్పుడే పొగలేని పొయ్యి వెలుగును. ఆనాడు గృహస్థు పెట్టిన అన్నము వెనుక నాలుగునెలల పూర్వపు గృహిణి పరిశ్రమ కలదు. ఆ పరిశ్రమను రాయలు ఎరుగనివాడు కాడు. అదే కావ్యమున వర్షర్తువును వర్ణించుచు, తడిసిన కట్టెలు రాజుకొనక, నిప్పుకై ఇల్లిల్లు తిరిగి, పొగతో కన్నులు మండ వంటకై ప్రయాసపడు స్త్రీల స్థితిని చెప్పెను. వంటయింటి సుఖమును వర్ణించిన చక్రవర్తి వంటయింటి కష్టమును విడువలేదు. ఇంటివంటను భుజించి ఆనందించు ప్రతివాడును ఈ రెండవ వర్ణనను జ్ఞాపకముంచుకొనవలెను. పొయ్యివద్ద నిలిచినవారి శ్రమను మరచి పొందు రుచి అపహరణమే యగును.

ఆ యింట నడిరాత్రి చెవియొగ్గినను ఈ ధ్వనులు వినవచ్చునని కవి చెప్పెను. ఒకటి భగవత్కథాపఠనము. రెండవది అతిథులకు వడ్డించుచు గృహస్థు పలుకు వినయవాక్యము: కూరలు ఎక్కువలేవు, వేడిగ లేవు, పిండివంటలు లేవు, అన్నము అంత బాగుగ లేదు, దయతో భుజింపుడని. అన్నియు ఉన్నయింట ఏమియు లేదను ఆ మాటలో అహంకారత్యాగము కలదు. పెట్టినది తనదని తలచువాడు అట్లు పలుకలేడు.

అరుగుపై వినబడిన మాట

ఈ అన్నదాన వర్ణనకు తరువాత కథ మధురకు మరలును. పాండ్యరాజు మత్స్యధ్వజుడు వేసవిరాత్రి తన భోగకాంత యింటికి పోవుచుండెను. ఉత్సవమునకు వచ్చిన పరదేశి బ్రాహ్మణుడొకడు వేగవతీనదిలో స్నానముచేసి, పురోహితునియింట భుజించి, అరుగుపై పరుండి, తోడివారికి సుభాషితములు వినిపించుచుండెను. వానిలో ఒకటి రాజు చెవిన పడినది. వానకాలమునకై తక్కిన ఎనిమిదినెలలు, రాత్రికై పగలు, వార్ధక్యమునకై యౌవనము, పరలోకమునకై ఈ జన్మము వినియోగించి ముందుగ సమకూర్చుకొనవలెనని దాని భావము. రాజు అచటనే నిలిచిపోయెను. పరమునకై తాను ఏమి సమకూర్చితినని చింతించి, మరునాడు పండితులను పిలిపించి పరతత్త్వనిర్ణయమునకు సభ తీర్చెను. ఆ సభకు వెళ్ళుమని స్వామి విష్ణుచిత్తుని ఆజ్ఞాపించెను.

ఇచట కథాసంవిధానమును నిదానించి చూడవలెను. రాజును మేల్కొలిపిన సుభాషితములోని మొదటి ఉపమానము వానకాలపు సంచయము. విష్ణుచిత్తుని వంటయింట వడియము, వరుగు, ఎండుచిప్ప రూపమున అదే సంచయమును కవి ముందే చూపియున్నాడు. రాజునకు ఉపదేశముగ వినవలసివచ్చినది ఆ గృహమున అలవాటుగ నడచుచుండెను. ముందుచూపు అను గుణము మొదట పొయ్యివద్ద అభ్యసింపబడి, పిమ్మట పరలోకచింతగ పరిణమించును. ఇల్లు సాధనకు పాఠశాల యనుటకు ఇంతకంటె నిదర్శనము వేరేల?

స్వామి ఆజ్ఞను విన్న విష్ణుచిత్తుడు వెనుదీసెను. ఆలయమును ఊడ్చుట, నీరు తెచ్చుట, పల్లకి మోయుట, మాలలల్లుట వంటి సేవలకు తాను తగును గాని, శాస్త్రము చదువని తనకు వాదమేలయని విన్నవించుకొనెను. భగవంతుడు ఆ తోటమాలినే పంపి గెలిపించెను. సభలోని పండితులకు లేనిదియు ఆయనకున్నదియు నిత్యకర్మయందలి ప్రీతి.

సుఖమా, బంధమా

ఇక మొదటి సందేహమునకు వత్తము. పక్షియందు, మొక్కయందు ప్రీతి బంధము కాదా? భాగవతము పంచమస్కంధమున భరతుని వృత్తాంతము చెప్పుచున్నది. రాజ్యమును తృణముగ విడిచిన ఆ మహానుభావుడు, తల్లి మరణించిన జింకపిల్లను పెంచి, దానియందు మమకారముతో నిత్యానుష్ఠానమును విడిచి, మరుజన్మమున జింకయై పుట్టెను. ఏకాదశస్కంధమున అవధూత తన గురువులలో కపోతమును చెప్పెను. పిల్లలపై వ్యామోహముతో తానును వలలో పడి నశించిన పక్షి యది. కావున భయము నిరాధారము కాదు.

భరతుని దోషము జింకను కాపాడుటలో లేదు, అది దయ. నాది యను భావము పెరిగి కర్తవ్యము లోపించుటయే దోషము. ఈ హద్దును నిలుపుటకే శాస్త్రము గృహస్థునకు పంచమహాయజ్ఞములను విధించినది. మనుస్మృతి తృతీయాధ్యాయమున పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అను ఐదింటిని పంచసూనలని పేర్కొన్నది. ఈ ఐదుచోట్లను తెలియకయే ప్రాణిహింస జరుగును. తత్పరిహారముగ ఐదు యజ్ఞములు నిత్యము చేయవలెను. అందొకటి భూతయజ్ఞము. ప్రాణులకు బలి సమర్పించుటయే భూతయజ్ఞమని తైత్తిరీయారణ్యకము చెప్పుచున్నది. వండిన అన్నమునుండి కాకికి, కుక్కకు, క్రిమికీటకములకు భాగము తీసి నేలపై ఉంచిన పిమ్మటనే గృహస్థునకు భోజనాధికారము. తనకొరకే వండుకొనువాడు పాపమునే భుజించునని గీత తృతీయాధ్యాయము హెచ్చరించినది.

ఈ విధిలో పక్షి, తోట, వంట మూడును ఒకే సూత్రమున కూర్పబడినవి. తోటలోని తులసి నైవేద్యమునకు చేరును, నైవేద్యమైన అన్నము అతిథికి, పక్షికి చేరును, శేషమే తనకు. అట్లు చేరిన అన్నమున రుచిని ఎరుగుట తప్పు కాదు. తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో భృగువు అన్నమునే మొదట బ్రహ్మముగ ఎరిగి, క్రమముగ ఆనందమును బ్రహ్మముగ ఎరిగెను. ఆ విద్య ముగిసిన పిమ్మటను ఉపనిషత్తు అన్నమును నిందింపవలదని, సమృద్ధిగ చేయుమని, వచ్చినవానిని త్రోసిపుచ్చవలదని వ్రతములు చెప్పినది. ఆనందమువరకు ఎక్కినవాడు మొదటిమెట్టును తన్నివేయరాదని దాని తాత్పర్యము.

మిగిలినది

1565 యుద్ధానంతరము విజయనగరము శిథిలమైనది. అంగడివీథులు బోసిపోయినవి, గులాబీలమ్మినవారు లేరు. కాని ఆ కాలపు కాలువలలో కొన్ని నేటికిని హంపీ పరిసరముల వరికి, అరటికి నీరిచ్చుచున్నవి. కోట కంటె కాలువ చిరంజీవియైనది.

శ్రీవిల్లిపుత్తూరున ఆండాళ్ సన్నిధియందు అమ్మవారి చేత ఒక చిలుక ఉండును. అది లోహముతో చేసినది కాదు. ప్రతిదినము ఆకులతో, పూలతో, దానిమ్మపువ్వు ముక్కుగ అమర్చి నూతనముగ కట్టబడును. మరునాడు ఒక భక్తునకు ప్రసాదముగ ఈయబడును. గోదాదేవి ధరించిన మాల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు తిరుమల చేరుచున్నది. తోటలోని ఆకు పక్షియగుట, పక్షి ప్రసాదమగుట, ధరించిన మాల కొండనెక్కుట ఆ క్షేత్రమున నిత్యకృత్యములు. నిన్నటి చిలుకను ఎవరును దాచుకొనరు, ఇచ్చివేయుదురు. రేపటికి మరల కట్టుదురు. ప్రీతి ఉండి మమకారము లేకపోవుట యెట్లుండునో నేర్చుకొనగోరువారికి ఆ చిలుక చాలును.

సామాన్యగృహస్థునకు నందనవనము లేకపోవచ్చును. కుండీలో తులసి యుండును. కేదారమున బాతులు లేకపోవచ్చును. గోడపై కాకి, కిటికీలో పిచ్చుక యుండును. నాలుగైదు కూరలు లేకపోవచ్చును. పప్పన్నము, నేయిచుక్క యుండును. వండినదానిలో మొదటిముద్ద దేవునకు, పిడికెడు పక్షికి, పిలుపు అతిథికి, మంచిమాట వండినవారికి చేరినపిమ్మట, తన విస్తరిలో మిగిలినదానిని సంతోషముగ భుజించుట భోగము కాదు, యజ్ఞశేషప్రాశనము. విష్ణుచిత్తుడు అట్లే భుజించెను.

స్వస్తి.